యానాం ఆంధ్రాలో ఎందుకు లేదు? గౌతమి ఒడ్డున ఉన్న ఒక చిన్న ఊరి పెద్ద కథ

ఈ ఎపిసోడ్‌లో మనం మాట్లాడుకోబోయే ఊరు యానాం. కాకినాడ నుంచి అమలాపురం వెళ్ళే బస్సు ఎక్కితే మధ్యలో తగులుతుంది. ఎక్కేటప్పుడు ఆంధ్రప్రదేశ్, దిగేటప్పుడు ఆంధ్రప్రదేశ్, మధ్యలో కాసేపు మాత్రం మీరు పుదుచ్చేరిలో ఉంటారు. పుదుచ్చేరి నగరం ఇక్కడికి దాదాపు 850 కిలోమీటర్లు. కాకినాడ మాత్రం 30 కిలోమీటర్ల లోపే.

ఈ ఊరికి పోస్టల్ పిన్ 533464. అంటే పక్కనున్న గోదావరి జిల్లా ఊళ్ళ సిరీసే. ఫోన్ ఎస్టీడీ కోడ్ 0884, అది కాకినాడది. బండి నంబర్ చూస్తే మాత్రం పీవై 04. ఎంపీ పుదుచ్చేరి ఎంపీ. హైకోర్టుకి వెళ్ళాలంటే మద్రాస్ హైకోర్టు. మాట్లాడే భాష పక్కా గోదావరి తెలుగు. ఒకే ఊరికి ఇన్ని రకాల ఐడీలు ఉన్నాయంటే, ఎక్కడో పాత సిస్టమ్ ఒకటి ఇంకా లోపల రన్ అవుతోందని అర్థం. ఆ పాత సిస్టమ్ ఏంటో చూద్దాం. అయితే చరిత్రకి ముందు భూగోళం చూడాలి. ఎందుకంటే ఈ ఊరు ఇక్కడ ఉండటానికి కారణం గోదావరి.

ముందు మ్యాప్ చూద్దాం

రాజమండ్రి పక్కన ధవళేశ్వరం ఉంది కదా. అక్కడి దాకా గోదావరి ఒకటే. అక్కడ దాటాక రెండుగా చీలుతుంది. కుడి చేతి వైపు వెళ్ళేది వశిష్ఠ, అది నరసాపురం వైపు పోతుంది. ఎడమ చేతి వైపు వచ్చేది గౌతమి. ఈ రెండిటి మధ్యలో ఉన్న నేలే కోనసీమ. మన యానాం గౌతమికి ఎడమ ఒడ్డున ఉంది. ఎదురుగా అవతలి ఒడ్డున కనిపించేది ఎదుర్లంక. చూశారా, పేరులోనే ‘ఎదురు’ ఉంది, ‘లంక’ ఉంది.

సరిగ్గా యానాం దగ్గర గౌతమి నుంచి ఇంకో పాయ విడిపోయి ఉత్తరానికి తిరుగుతుంది. దాన్ని కొరంగి నది అంటారు, ఆత్రేయ అని కూడా పిలుస్తారు. అది మడ అడవుల మీదుగా వెళ్ళి కాకినాడ వైపు సముద్రంలో కలుస్తుంది. అంటే యానాం రెండు నీళ్ళ దారులు విడిపోయే జంక్షన్‌లో ఉంది. ఒక దారి నేరుగా సముద్రానికి, ఇంకో దారి కాకినాడ అఖాతానికి. పడవల కాలంలో ఇలాంటి చోటుకి ఎంత విలువ ఉంటుందో ఊహించుకోండి. ఇప్పటి భాషలో చెప్పాలంటే రెండు హైవేలు కలిసే చోట ఉన్న స్థలం.

ఇంకో విషయం. యానాంలో భాగమైన ఊళ్ళ పేర్లు వినండి. దరియాలతిప్ప. ఇసుకతిప్ప. తిప్ప అంటే నది తెచ్చి పోసిన ఇసుక దిబ్బ. లంక అంటే నది మధ్యలో మిగిలిన నేల. ఇక్కడ ఊళ్ళకి పేర్లు పెట్టినవాళ్ళు ఈ నేల ఎలా పుట్టిందో పేరులోనే రాసిపెట్టారు. ఈ భూమి మొత్తం గోదావరి మోసుకొచ్చిన ఒండ్రు. నది ఇచ్చిన భూమి ఇది. ఇచ్చిన నది వెనక్కి కూడా తీసుకోగలదు. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ పని పడుతుంది.

బట్టల కోసం వచ్చారు

ఫ్రెంచివాళ్ళు ఇక్కడికి ఎందుకొచ్చారు? ఒక్క మాటలో జవాబు: బట్టలు. గోదావరి డెల్టాలో నేతగాళ్ళు నేసే నూలు బట్టకి అప్పట్లో యూరప్‌లో మంచి గిరాకీ. నరసాపురం పక్కనున్న మాధవాయిపాలెం పేరు మీద ‘మదపొలం’ అనే బట్ట రకమే ఇంగ్లీషులోకి ఎక్కింది. అందుకే ఈ చిన్న ఏరియాలో అందరూ దిగారు. డచ్చివాళ్ళు కాకినాడ జగన్నాథపురంలో, ఇంగ్లీషువాళ్ళు యానాం పక్కనే ఉన్న ఇంజరంలో, ఫ్రెంచివాళ్ళు యానాంలో. మూడు కంపెనీలూ ఒకే నేతగాళ్ళ దగ్గర సరుకు కొనడానికి పోటీ.

ఫ్రెంచివాళ్ళు 1723లో యానాంలో మొదటిసారి స్థావరం పెట్టారు. వ్యాపారం గిట్టుబాటు కాక 1727లో మూసేశారు. మళ్ళీ 1731లో తిరిగొచ్చారు. ఆ తర్వాత కథ వ్యాపారం నుంచి రాజకీయంలోకి వెళ్ళిపోయింది. 1753లో హైదరాబాద్ నిజాం ఉత్తర సర్కారులని ఫ్రెంచివాళ్ళకి ఇచ్చాడు. బుస్సీ పేరు మీరు బొబ్బిలి యుద్ధం కథలో వినే ఉంటారు, 1757 నాటి సంగతి అది. ఆ టైమ్‌లో ఈ తీరం మొత్తం మీద ఫ్రెంచివాళ్ళదే పైచేయి. కానీ మరుసటి ఏడాది, 1758 డిసెంబర్‌లో, చందుర్తి దగ్గర ఇంగ్లీషువాళ్ళ చేతిలో ఓడిపోయారు. చందుర్తి ఎక్కడో లేదు, పిఠాపురం దగ్గరే. ఆ ఒక్క ఓటమితో కోస్తా ఆంధ్ర వాళ్ళ చేతిలోంచి జారిపోయింది.

అక్కడి నుంచి యానాం పింగ్ పాంగ్ బంతి అయిపోయింది. యూరప్‌లో ఇంగ్లండ్, ఫ్రాన్స్ కొట్టుకున్నప్పుడల్లా ఇక్కడ ఇంగ్లీషువాళ్ళు యానాంని పట్టుకునేవాళ్ళు. అక్కడ సంధి కుదిరితే ఇక్కడ తిరిగి ఇచ్చేవాళ్ళు. నెపోలియన్ యుద్ధాలు ముగిశాక 1814 పారిస్ ఒప్పందం ప్రకారం చివరిసారి ఫ్రెంచివాళ్ళకి అప్పగించారు. చేతికి రావడానికి ఇంకో రెండు మూడేళ్ళు పట్టింది. ఆ తర్వాత 1954 దాకా మళ్ళీ మారలేదు. అంటే చుట్టూ బ్రిటిష్ ఇండియా, మధ్యలో ముప్ఫై చదరపు కిలోమీటర్లకి మించని ఒక ఫ్రెంచి ముక్క.

బోర్డర్‌ని జనం ఎలా వాడుకున్నారు

ఒక ఊరి చుట్టూ వేరే దేశం బోర్డర్ ఉంటే ఏం జరుగుతుంది? మొదటిది స్మగ్లింగ్. యానాంలో మంగళవారం సంత బాగా ఫేమస్. ఫ్రెంచి సరుకు, పన్ను పడని విదేశీ సరుకు కొనడానికి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి జనం వచ్చేవాళ్ళు. ఇప్పటికీ పెట్రోల్‌కీ మందుకీ బోర్డర్ దాటే అలవాటు పోలేదు కదా. పన్ను తేడా ఉన్నంతకాలం అది పోదు.

రెండోది వినడానికి అంత సరదాగా ఉండదు. 1929లో బ్రిటిష్ ఇండియాలో శారదా చట్టం వచ్చింది, 1930 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అమ్మాయికి 14, అబ్బాయికి 18 ఏళ్ళు నిండకుండా పెళ్ళి చేస్తే నేరం. యానాం ఫ్రాన్స్‌ది కాబట్టి ఆ చట్టం ఇక్కడ చెల్లదు. దాంతో గోదావరి జిల్లాల నుంచి పెళ్ళిబృందాలు పడవలెక్కి, బళ్ళు కట్టుకుని యానాం వచ్చి చిన్నపిల్లలకి పెళ్ళిళ్ళు చేసుకుని వెళ్ళిపోయేవాళ్ళు. ఈ ఊరికి కల్యాణపురం అనే పేరు కూడా అలాగే వచ్చింది. పేరు వింటే ముచ్చటగా ఉంటుంది. దాని వెనక మాత్రం ఎనిమిదేళ్ళ, తొమ్మిదేళ్ళ ఆడపిల్లలు ఉన్నారు. చట్టం వాళ్ళని కాపాడటానికే వచ్చింది. కొన్ని మైళ్ళ దూరంలో ఉన్న గీత ఒకటి ఆ కాపుదలని లేకుండా చేసింది. మన వైపు ఇళ్ళలో ‘మా మామ్మ పెళ్ళి యానాంలో అయింది’ అనే మాట వినిపిస్తే, అప్పుడు ఆవిడ వయసు ఎంతో ఒకసారి అడగండి.

మూడోది, మనుషులని ఎక్కించుకుపోవడం. 1828 ప్రాంతంలో హిందూ మహాసముద్రంలో ఉన్న ఫ్రెంచి ద్వీపం రీయూనియన్‌కి చెరుకు తోటల్లో పని కోసం మొదటి భారతీయ కూలీలు వెళ్ళింది యానాం నుంచే. వాళ్ళని ‘తెలింగాలు’ అని రాసుకున్నారు. పక్కనే ఉన్న కొరంగి రేవు నుంచి మారిషస్‌కీ బర్మాకీ తెలుగువాళ్ళు ఓడలెక్కారు. ఎంతమంది వెళ్ళారంటే, బర్మాలో తెలుగువాళ్ళకి ‘కొరంగీలు’ అనే పేరే పడిపోయింది. ఊరి పేరు జాతి పేరయిపోయింది.

మరి ఆ కొరంగి ఏమైంది?

ఇప్పుడు కొరంగి వెళ్తే మడ అడవి, బోటు షికారు, చెక్క వంతెన కనిపిస్తాయి. ఒకప్పుడు ఓడలు కట్టిన, బాగుచేసిన పెద్ద రేవు అక్కడ ఉండేదంటే నమ్మబుద్ధి కాదు. రెండు కారణాలు దాన్ని చంపేశాయి. ఒకటి ఉప్పెన. 1789 డిసెంబర్‌లో ఒకసారి, 1839 నవంబర్‌లో ఇంకోసారి సముద్రం లోపలికి వచ్చి ఊరిని ఊడ్చేసింది. రెండో దెబ్బ తర్వాత కొరంగి మళ్ళీ పూర్తిగా లేవలేదు. ఇంకో కారణం నెమ్మదిగా పనిచేసింది. అది ఒండ్రు. గోదావరి ఏటా తెచ్చే మట్టి కొరంగి పాయని పూడ్చుకుంటూ వచ్చింది. పెద్ద ఓడలు రాలేని స్థితి వచ్చాక వ్యాపారం కాకినాడకి జరిగిపోయింది.

ఇక్కడ ఒక తమాషా ఉంది. కొరంగిని పూడ్చిన అదే గోదావరి ఇసుక, సముద్రపు ప్రవాహంతో ఉత్తరానికి కొట్టుకుపోయి, ఒక పొడవాటి ఇసుక గోడలా పేరుకుంది. అదే హోప్ ఐలాండ్. గడిచిన రెండు శతాబ్దాల్లో తయారైన నేల అది. ఆ గోడ అడ్డం ఉండబట్టే కాకినాడ అఖాతంలో అలల జోరు తక్కువ, ఓడలు నిమ్మళంగా నిలుస్తాయి. ఒకే నది ఒక రేవుని చంపి ఇంకో రేవుకి కాపలా పెట్టింది. ఫ్రెంచి యానాం కూడా ఆ పూడికకే బలైంది. పందొమ్మిదో శతాబ్దం మధ్యకి వచ్చేసరికి ఇది వ్యాపార కేంద్రంగా కాకుండా, ఫ్రాన్స్ వదులుకోలేక పట్టుకున్న ఒక జెండా కర్రలా మిగిలింది. 1846లో కట్టిన సెయింట్ ఆన్స్ చర్చి ఇప్పటికీ ఉంది. అదే ఊళ్ళో మీసాల వెంకన్న గుడి కూడా ఉంది.

1954: జెండా మారింది

1947లో ఇండియాకి స్వాతంత్ర్యం వచ్చింది. ఫ్రెంచి ఊళ్ళకి రాలేదు. మచిలీపట్నంలో ఫ్రెంచిపేట అనే చిన్న ముక్క ఉండేది, దాన్ని 1947 అక్టోబర్‌లోనే ఇచ్చేశారు. యానాం మాత్రం ఆగింది. 1953 అక్టోబర్ 1న పక్కనే ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో జనం యానాం పరిపాలనా భవనాన్ని స్వాధీనం చేసుకుని భారత జెండా ఎగరేశారు. పాండిచ్చేరి, కారైకాల్ కంటే కొన్ని నెలల ముందే ఈ చిన్న ఊరు ఫ్రెంచి పాలన నుంచి బయటపడింది. ఆ రెండు చోట్ల అధికారం 1954 నవంబర్ 1న చేతులు మారింది.

సరే, మరి అప్పుడే ఆంధ్రాలో ఎందుకు కలపలేదు? ఎపిసోడ్ టైటిల్‌లో ఉన్న ప్రశ్న ఇదే. జవాబు కావాలంటే బెంగాల్ వైపు చూడాలి. కోల్‌కతా దగ్గర చందర్‌నగర్ కూడా ఫ్రెంచి ఊరే. అక్కడ 1949లోనే విడిగా ఓటింగ్ జరిగింది, 1951లో దానికి విడిగా ఒప్పందం రాసుకున్నారు, 1954లో దాన్ని పశ్చిమ బెంగాల్‌లో కలిపేశారు. కథ అయిపోయింది. మిగిలిన నాలుగు ఊళ్ళు, అంటే పాండిచ్చేరి, కారైకాల్, మాహే, యానాం, ఒకే ప్యాకేజీలా వచ్చాయి. నాలుగిటికీ కలిపి 1956 మే 28న ఒకే ఒప్పందం మీద సంతకాలు జరిగాయి. అందులో రెండో ఆర్టికల్ కీలకం. ఈ ప్రాంతాల ప్రత్యేక పరిపాలన హోదా కొనసాగుతుందనీ, దాన్ని మార్చాలంటే ముందు అక్కడి ప్రజల అభిప్రాయం తెలుసుకోవాలనీ అందులో ఉంది.

ఫ్రెంచి పార్లమెంట్ దీన్ని ఆమోదించడానికి ఆరేళ్ళు తీసుకుంది. 1962 ఆగస్ట్ 16న పూర్తిగా భారత్ సొంతమయ్యాయి. కావాలనుకున్నవాళ్ళు ఆరు నెలల్లోపు ఫ్రెంచి పౌరసత్వం ఎంచుకునే వీలు కూడా ఆ ఒప్పందంలోనే ఉంది. 1963 జూలై 1 నుంచి ఈ నాలుగూ కలిపి కేంద్రపాలిత ప్రాంతం. తమిళ తీరంలో రెండు, కేరళ తీరంలో ఒకటి, ఆంధ్రా తీరంలో ఒకటి. ఒకదాన్నొకటి ఎక్కడా తాకని నాలుగు ముక్కలకి ఒకే ప్రభుత్వం. అందుకే యానాంలో తెలుగు అధికార భాషగా నడుస్తుంది, పుదుచ్చేరిలో తమిళం, మాహేలో మలయాళం.

వీటిని పక్క రాష్ట్రాల్లో కలిపేద్దామనే మాట 1979లో ప్రధాని మొరార్జీ దేశాయ్ టైమ్‌లో వచ్చింది. పాండిచ్చేరి భగ్గుమంది. గొడవలు జరిగాయి, ఆ ఆలోచన ఆగిపోయింది. అప్పటి నుంచి దాన్ని ఎవరూ గట్టిగా కదపలేదు. యానాం వైపు నుంచి చూసినా లెక్క అర్థమవుతుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడ 55,626 మంది. అంతమందికే సొంత ఎమ్మెల్యే ఉన్నాడు. ఆంధ్రాలో కలిస్తే ఇది ఏదో నియోజకవర్గంలో ఒక పట్టణం అవుతుంది, అంతే. కాబట్టి దూరం ఇబ్బందే అయినా, ఆ దూరం వల్ల వచ్చే గుర్తింపుని వదులుకోవడం ఇంకా కష్టం.

వరదకి ఏ రాష్ట్రం?

ఇప్పుడు మొదట్లో గుర్తుపెట్టుకోమన్న పాయింట్‌కి వద్దాం. 1986 ఆగస్ట్‌లో గోదావరికి వచ్చిన వరదలో ధవళేశ్వరం దగ్గర దాదాపు 35 లక్షల క్యూసెక్కుల నీళ్ళు వెళ్ళాయి. 1996 నవంబర్ 6న కోనసీమ తుఫాను ఈ ప్రాంతాన్ని చితక్కొట్టింది. 2022 జూలైలో మళ్ళీ 25 లక్షల క్యూసెక్కులు దాటిన వరద వచ్చి యానాం వీధుల్లోకి నీళ్ళొచ్చాయి.

వరదలప్పుడు టీవీలో ‘మొదటి హెచ్చరిక, రెండో హెచ్చరిక’ అని వింటాం కదా, దాని అర్థం ఇది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి హెచ్చరిక, అంటే సుమారు 10 లక్షల క్యూసెక్కులు. 13.75 అడుగులు రెండోది, 13 లక్షలు. 17.75 అడుగులు మూడోది, 17 లక్షలు. కాటన్ దొర హయాంలో 1852కి పూర్తయిన ఆనకట్ట ఉన్న చోటే ఇప్పటి బ్యారేజీ కూడా ఉంది. చాలామంది అనుకునేది ఏంటంటే, బ్యారేజీ ఉంది కదా, వరద ఆపేయొచ్చు కదా అని. కుదరదు. అది నీళ్ళని కాలువల్లోకి మళ్ళించడానికి కట్టింది, భారీ వరదని దాచుకోవడానికి కాదు. వచ్చిన నీళ్ళు వచ్చినట్టు కిందికి వదలాల్సిందే. ఆ కిందే యానాం ఉంది.

దీనికి తోడు సముద్రం. యానాం దగ్గర గౌతమికి పోటూ పాటూ ఉంటాయి. పోటు వేళ సముద్రం నదిని వెనక్కి నెడుతుంది. వరద నీళ్ళు దిగాలంటే పాటు రావాలి. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు ఎక్కువ కాబట్టి, వరద ఆ రోజుల్లో వస్తే నీళ్ళు తొందరగా తీయవు. 2022లో జరిగింది చూడండి. జూలై 13 గురుపౌర్ణమి. జూలై 16 నాటికి ధవళేశ్వరం దగ్గర వరద పతాక స్థాయిలో ఉంది. పౌర్ణమి పోట్లు ఇంకా బలంగా ఉన్న రోజులవి. అంటే యానాంలో ఉన్నవాళ్ళు ధవళేశ్వరం నంబర్ ఒక్కటే చూస్తే సరిపోదు, పక్కనే పంచాంగం కూడా చూసుకోవాలి. మన మత్స్యకారులకి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. చెప్పాల్సింది కొత్తగా పల్లంలో ఇళ్ళు కట్టుకుంటున్నవాళ్ళకి.

ఇప్పుడు పరిపాలన కోణం ఆలోచించండి. నీళ్ళు వదిలే బ్యారేజీ ఆంధ్రాలో. గట్టు ఒక రాష్ట్రంలో మొదలై ఇంకో చోట ముగుస్తుంది. నష్టపరిహారం రాయాల్సిన ప్రభుత్వం 850 కిలోమీటర్ల దూరంలో. ఎదుర్లంకలో మునిగిన ఇంటికి ఒక ప్రభుత్వం ఒక లెక్క కడుతుంది, యానాంలో మునిగిన ఇంటికి ఇంకో ప్రభుత్వం ఇంకో లెక్క కడుతుంది. ముంచింది మాత్రం ఒకే గౌతమి. ఎండాకాలంలో ఇది తిరగబడుతుంది. ప్రవాహం తగ్గి ఉప్పునీళ్ళు పైకి ఎక్కుతాయి, అప్పుడు తియ్యటి నీళ్ళ కోసం పైనున్న ఆంధ్రా వైపే చూడాలి. ఇంకోపక్క, పైన ఎన్నో డ్యాములు కట్టాక గోదావరి సముద్రం దాకా తెచ్చే ఒండ్రు బాగా తగ్గింది. ఒండ్రుతో పెరిగిన డెల్టాకి ఒండ్రు తగ్గితే తీరం కోతకి గురవుతుంది. ఒకప్పుడు మట్టి ఎక్కువై కొరంగి పోయింది. ఇప్పుడు మట్టి తక్కువై తీరం పోతోంది.

దీనికి రాష్ట్రం మార్చక్కర్లేదు. కావాల్సింది చిన్న చిన్న పనులు: రెండు వైపుల గట్లకీ ఒకే కొలత, వరదప్పుడు ధవళేశ్వరం నుంచి యానాంకి నేరుగా సమాచారం, రెండు ఒడ్లకీ ఒకేసారి నష్టం అంచనా. 2002 దాకా యానాం నుంచి ఎదుర్లంకకి పంటు మీదే దాటేవాళ్ళు. బాలయోగి వారధి వచ్చాక ఐదు నిమిషాల్లో దాటేస్తున్నారు. రెండు ప్రభుత్వాల నేలని కలుపుతూ వంతెన కట్టగలిగినవాళ్ళం, గట్టు విషయంలో కలవలేమా?

వర్షాకాలంలో యానాం వెళ్తే పులస దొరుకుతుందేమో చూడండి. సముద్రంలో విలసగా ఉన్న చేప వరద నీళ్ళకి ఎదురీది గోదావరిలోకి వచ్చాక పులస అవుతుంది. రేటు వింటే మాత్రం కళ్ళు తిరుగుతాయి. మీ ఇంట్లో పెద్దవాళ్ళకి యానాం పెళ్ళిళ్ళ గురించి గానీ, 86 వరద గురించి గానీ గుర్తుంటే, ఫోన్‌లో రికార్డ్ చేసి పెట్టుకోండి. ఆ తరం ఇంకెన్నాళ్ళో ఉండదు. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి.